స్థలం తాతకు బయానా

పదహారో తారీఖు పొద్దున్న బున్లూ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఇల్లు చూసేవాళ్ళు వస్తారు. పన్నెండుకల్లా వాళ్ళు ఊఁ అని బయానా చేతిలో పెడతారు. ఆ బయానా తీసుకెళ్ళి సాయంత్రం ఆరులోపు థావొన్ బాబాయికి ఇస్తే కాలవ పక్కన ఉన్న ఆయన ఇల్లు తమదవుతుంది. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందా అని బున్లూ పళ్ళు తోముకుంటూ వెతికాడు. ఎక్కడా కనిపించలేదు. నోరు పుక్కిలించి పంది తలకాయ కడగడానికి వెళ్ళాడు.

పంది తలకాయ సంగతి చెప్పే ముందు మెట్ల సంగతి చెప్పాలి. రాచ్చబురిలో జాడీల బట్టీల వెనక సందులో బున్లూ దంపతులది రెండంతస్తుల వరస ఇల్లు. వంటిల్లూ స్నానాల గదీ కింద, పడక పైన. మధ్యలో పదహారు మెట్లు, నిచ్చెనకు అన్నగారిలా నిటారుగా ఉంటాయి. బున్లూ భార్య లమూన్ ఇరవై ఆరేళ్ళుగా మార్కెట్లో నిలబడి కూరలూ అన్నం అమ్ముతోంది, మోకాళ్ళు అరిగిపోయాయి. రెండేళ్ళ నుంచి ఆమె ఆ మెట్లు వెనక్కి తిరిగి, రెండు చేతులా కమ్మీ పట్టుకుని, మెట్టుకో తిట్టు చొప్పున దిగుతోంది. తిట్లు మెట్లకే అయినా దారిలో కొన్ని బున్లూకు తగులుతుండేవి.

అందుకే థావొన్ బాబాయి ఒకే అంతస్తు ఇల్లు అమ్ముతున్నాడని తెలియగానే ఇద్దరూ పరుగెత్తారు. లమూన్ చూసిన మొదటి రోజే అక్కడి వంటింట్లో కూర తపేలాలు ఎక్కడ పెట్టాలో జానలతో కొలిచేసింది. "పడక నుంచి పొయ్యి దాకా పన్నెండు అడుగులయ్యా. మధ్యలో ఒక్క మెట్టు లేదు," అంది. ఆ మాట విన్నాక బున్లూకు భూప్రపంచం మీద ఇంకో ఇల్లు కనిపించలేదు. చేతిలో ఉన్న కాస్త డబ్బూ ఇచ్చి గడువు అడిగాడు. బాబాయి పదహారో తారీఖు సాయంత్రం ఆరు దాకా అన్నాడు. ఆ తర్వాత బ్యాంకాక్ నుంచి వచ్చినవాళ్ళకు ఇచ్చేస్తానన్నాడు.

కొనేది దొరికింది గానీ అమ్మేది కదల్లేదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడికి ఒక పడవ కదిలి రెండోది కదలకపోతే ఎలా ఉంటుందో బున్లూకు ఐదు నెలలుగా అలా ఉంది. పదకొండు మంది వచ్చి చూసి వెళ్ళారు. ఒకరికి పడమటెండ, ఒకరికి వాకిలి ఇరుకు, ఒకామెకు బున్లూ ముఖం నచ్చలేదు. బట్టీలో అతనితో పాటు జాడీలకు గడ్డి చుట్టే స్నేహితుడు విషయం తేల్చేశాడు. "మీ స్థలం తాత వదలట్లేదురా. ఆయన్ని అడిగావా అసలు?"

అడగలేదు. వాకిట్లో స్తంభం మీద చిన్న గూట్లో, ఆ స్థలాన్ని కాచే దేవుడిగా, స్థలం తాత ముప్పై ఏళ్ళుగా కూర్చునే ఉన్నాడు. రోజూ నీళ్ళూ పువ్వులూ పుచ్చుకుంటూనే ఉన్నాడు. ఇల్లు అమ్ముతున్నట్టు ఆయనకు ఎవరూ చెప్పలేదు. బున్లూ ఆ రోజే అగరొత్తులు వెలిగించి మొక్కుకున్నాడు. ఇల్లు అమ్ముడుపోతే పంది తలకాయ, నలభై ఉడికించిన గుడ్లు, ఎర్ర సోడాలు. అయినా నెల గడిచింది, తాత కదల్లేదు.

అప్పుడు బున్లూకు ఒక ఆలోచన వచ్చింది. థావొన్ బాబాయి బయానా లేనిదే తాళంచెవి చూపించనన్నాడు. సామాను ఎత్తే లారీవాడు బయానా లేనిదే రోజు రాసుకోనన్నాడు. మనుషులే బయానా లేకుండా కదలకపోతే అంత పెద్దాయన ఊరికే ఎందుకు కదులుతాడు? కోరిక తీరాకే మొక్కు చెల్లించాలని మా వైపు పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. బున్లూకూ తెలుసు. తెలిసే, పదహారో తారీఖు పొద్దున్న లమూన్ మార్కెట్‌కు వెళ్ళగానే గూటి ముందు బల్ల వేసి, పంది తలకాయ, గుడ్లు, సోడాలు, బంతిపూల దండలు అన్నీ ముందే పెట్టేశాడు. నలభై గుడ్లలో మూడు ఉడుకుతుండగా పగిలాయి. వాటిని చేపల సాసులో ముంచుకుని తినేశాడు. వాకిట్లో ఉన్న 'ఇల్లు అమ్మబడును' బోర్డు కూడా పీకి పక్కన పడేశాడు. ఆ తుప్పు చూస్తే ఐదు నెలలుగా ఎవరూ కొనలేదని వచ్చేవాళ్ళకు తెలిసిపోతుందని లమూన్ వెళ్తూ వెళ్తూ చెప్పింది.

ఎదురింటి ప్రనొమ్ వాకిలి ఊడుస్తూ తలెత్తింది.

"అన్నా! పంది తలకాయ!" అంది, అదేమిటో బున్లూకు తెలియదేమో అన్నట్టు.

"అవును."

"మొక్కు చెల్లిస్తున్నావన్నమాట."

"చెల్లించడం కాదమ్మా, బయానా ఇస్తున్నా. ఇల్లు అమ్ముడుపోతే ఇస్తానని మొక్కుకున్నా. ముందే ఇచ్చేస్తే తాతకి కూడా కాస్త ఉత్సాహం వస్తుంది కదా."

ప్రనొమ్ చీపురు గోడకు ఆనించింది. ఆమె చీపురు వదిలిందంటే ఆ పూటకు సందులో మిగతా పనులు ఆగినట్టే.

"చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్ అన్నా. అంతేగానీ ఇలాంటి కథలు చెప్పకు. కోరిక తీరకుండా పంది తలకాయ పెట్టేవాడు ఎక్కడైనా ఉంటాడా?"

"నేనున్నాను కదా."

"బోర్డేదీ?"

"పీకేశాను. తుప్పు పట్టిందని."

"తుప్పు ఐదు నెలల్నుంచీ పడుతోంది. పీకింది ఇవాళా?" ప్రనొమ్ కళ్ళు చిన్నవయ్యాయి. "ఇల్లు అమ్ముడుపోలేదు. మొక్కు చెల్లించావు. ఇల్లు అమ్మే పని కూడా మానుకున్నావు. పోయిన ఒకటో తారీఖు లాటరీలో ఎంత తగిలిందేంటి అన్నా?"

"లాటరీ ఏంటమ్మా! నేను టికెట్టే కొనను."

"తగిలినవాళ్ళందరూ అదే అంటారు," అంది ప్రనొమ్. అని గేటు తోసుకుని వచ్చి, వంగి, వేలితో గుడ్లు లెక్కపెట్టింది. "ముప్పై ఏడు. ముప్పై ఏడేంటి అన్నా? ఎవరైనా ముప్పై ఏడు మొక్కుకుంటారా?"

"నలభై ఉడికించాను. మూడు పగిలితే తినేశాను."

ప్రనొమ్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "సరిగ్గా మూడే పగిలాయా? నువ్వు తిన్నావా, తాత నీచేత తినిపించాడా?"

బున్లూ నోరు తెరిచి మూసేలోపు ఆమె సందు చివరకు చేరింది. ఆ వేళ లాటరీ తీసే రోజు కావడం, సందు చివర మోటార్‌సైకిల్ టాక్సీల వాళ్ళ బల్ల ఉండడం, ఆ బల్ల దగ్గర ఎనిమిది మంది ఖాళీగా కూర్చుని ఉండడం బున్లూ చేసుకున్న పాపం.

ఎనిమిదిన్నరకు వాకిట్లో ఇరవై మంది ఉన్నారు. తొమ్మిదికి వాకిలి చాలలేదు. నూడిల్స్ తింటూ లేచొచ్చిన ఒకాయన గిన్నెతో సహా నిలబడ్డాడు. ఇద్దరు ఆడవాళ్ళు గూటి స్తంభానికి పౌడరు రాసి, వేలితో రుద్ది, చెక్క మీద అంకెల కోసం వెతుకుతున్నారు. ఒకామెకు మూడు కనిపించింది. పక్కనామెకు ఎనిమిది కనిపించింది. సగం చెరిగిన ఎనిమిదే మూడు అని ఇద్దరూ రాజీ పడ్డారు. ఎవరో బున్లూకు కుర్చీ వేశారు. ఎవరో అతని మోచెయ్యి తాకి కళ్ళకద్దుకున్నారు.

"బాబూ, వినండి. ఇది బయానా!" అని బున్లూ కుర్చీ ఎక్కి చెప్పాడు. "ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు! నాకేమీ తగల్లేదు!"

"ఎంత వినయం చూడు," అంది ఒక ముసలామె. "అందుకే తాత ఈయనకిచ్చాడు."

అందరూ తలలూపారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. అక్కడ మూడు వందల అగరొత్తుల పొగ ఉంది. టికెట్ల పెట్టె సైకిలుకు కట్టుకుని లాటరీ మనిషి ఎక్కడి నుంచో దిగాడు. ముప్పై ఏడుతో ముగిసే టికెట్లు పావుగంటలో అయిపోయాయి. తర్వాత వచ్చినవాళ్ళు అతని చొక్కా పట్టుకున్నారు.

తొమ్మిదిన్నరకు లమూన్ తోపుడు బండితో వచ్చింది. సొంత గేటు దగ్గర టాక్సీ కుర్రాడొకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వరసలో రా పిన్నీ. అందరం పొద్దుట్నుంచీ నిలబడ్డాం."

"ఇది నా ఇల్లురా!"

"అయ్యో, మీరా పిన్నీ! జరగండి జరగండి, లాటరీ తగిలినాయన భార్య వచ్చింది!"

లమూన్ బండి అక్కడే వదిలి, జనం మధ్య నుంచి బున్లూ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు వేసింది.

"ఎంత?"

"ఏది ఎంత?"

"ముప్పై ఏళ్ళుగా నీ చొక్కాలు ఉతుకుతున్నాను. నా దగ్గర వేషాలు వెయ్యకు. ఎంత తగిలింది?"

"ఒక్క బాట్ కూడా తగల్లేదు లమూన్. అది తాతకి బయానా."

"తాతకి బయానా!" లమూన్ ఆ మాటను నోట్లో తిప్పి చూసింది. "అబద్ధం చెప్తే చెప్పావు, అతికేలా చెప్పొచ్చు కదా? నేను అక్కడ మోకాళ్ళు పట్టుకుని నిలబడి కూరలు అమ్ముతుంటే, నువ్వు ఇక్కడ డబ్బు దాచుకుని, ఊరందరికీ చెప్పి, నాకు మాత్రం చెప్పకుండా…"

ఆమె బియ్యం డబ్బా మూత తీసి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు బున్లూ చెయ్యి దానంతటదే డబ్బా వైపు వెళ్ళింది. బియ్యంలోంచి ఒక పొట్లం బయటికొచ్చింది. విప్పితే తాటిబెల్లం మిఠాయిలు. తినొద్దని డాక్టరు చెప్పి ఏడాదైంది.

"ఇవి దాచినవాడు అది దాచడా?" అంది లమూన్.

సరిగ్గా పదింటికి కొనేవాళ్ళు వచ్చారు. అంటే సందు మొదట్లోకి వచ్చారు, వాకిట్లోకి చేరేసరికి పదీ ఇరవై అయింది. ఆయన పేరు ఫురిత్, మందుల షాపు నడుపుతాడు. రాత్రి పదకొండు దాకా షాపు, పగలు పడుకోవడానికి నిశ్శబ్దంగా ఉండే ఇల్లు కావాలన్నాడు. చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దమని బున్లూ ఫోన్లో చెప్పాడు. ఇప్పుడు ఎవరో తప్పెట కూడా తెచ్చారు.

"నిశ్శబ్దంగా ఉంటుందన్నారు," అన్నాడు ఫురిత్.

"మామూలు రోజుల్లో ఉంటుందండీ. దయచేసి లోపలికి రండి, ఇల్లు చూద్దురుగాని."

ప్రనొమ్ మధ్యలోకి వచ్చింది. "ఏ ఇల్లు చూస్తారండీ? ఆయన అమ్మట్లేదు. పొద్దున్నే బోర్డు పీకేశాడు."

"అమ్ముతున్నాను!" అని అరిచాడు బున్లూ.

"అమ్మకు నాయనా, తాత అలుగుతాడు," అంది ముసలామె. నూడిల్స్ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. వెనక నుంచి ఇంకెవరో, ఎంతిస్తున్నారో దానికి పదివేలు ఎక్కువేసి మేమే తీసుకుంటాం అని కేకేశారు. ఎవరని వెతికితే ఒక్కడూ చెయ్యెత్తలేదు.

ఫురిత్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బున్లూ గారూ, అమ్ముతారో లేదో ముందు మీలో మీరు తేల్చుకోండి. ధర పెంచడానికి మనుషుల్ని పెట్టారేమోనని అనుమానంగా కూడా ఉంది. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి. స్తంభానికి పౌడరు రాసి అంకెలు వెతికే చోట నేను కాపురముండలేను."

"అయ్యా, అది బయానా అండీ! తాత కదుల్తాడని నేనే ముందుగా…"

"ఏంటి?" అన్నాడు ఫురిత్. బున్లూ మొత్తం చెప్పాడు. ఫురిత్ అంతా విని, "ఇంత చదువుకున్న నేను మీకు అంత అమాయకుడిలా కనిపిస్తున్నానా?" అని కారెక్కాడు. అది మాత్రం వెంటనే కదల్లేదు. లాటరీ మనిషి ముందు బానెట్ మీద పెట్టె ఆనించి నిలబడ్డాడు. అతని దగ్గర ఎవరికీ అక్కరలేని ఒకే ఒక టికెట్టు మిగిలింది, డెబ్భై మూడుతో ముగిసేది. అది కొంటే తప్ప అతను జరగడని అర్థమై ఫురిత్ అద్దం దించి, డబ్బు పడేసి, టికెట్టు లాక్కుని వెళ్ళిపోయాడు.

బున్లూ గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పన్నెండో బేరం కూడా పోయింది. ఆరు గంటలకు థావొన్ బాబాయికి ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. లోపల లమూన్ గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడుతోంది, ఒక్కో గిన్నె అతని నెత్తి మీదే తోముతున్నట్టుంది. ఆమె ఏడుస్తోందని అతనికి తెలుసు. ఆమె కోసమే ఇదంతా చేశాడు, ఆమె ముందే దొంగ అయ్యాడు. అతనికి చాలా బాధ వేసింది.

మధ్యాహ్నం థావొన్ బాబాయే ఫోన్ చేశాడు. "నీ గురించి ఏదో విన్నానురా బున్లూ."

"అది నిజం కాదు బాబాయ్."

"సరే సరే. సాయంత్రం రా, మాట్లాడదాం," అని పెట్టేశాడు. ఆ గొంతులో ఎప్పుడూ లేని మర్యాద ఉంది. బున్లూకు భయం వేసింది.

మూడున్నర దాటాక అంకెలు వచ్చాయి. టాక్సీ కుర్రాడి ఫోన్ చుట్టూ నూట యాభై మంది ఊపిరి బిగబట్టారు. ఒక్కో అంకే పడింది. చివరి రెండూ ఏడు, మూడు.

సందంతా చల్లబడింది. బున్లూ లోలోపల సంతోషించాడు. ఇక వీళ్ళందరూ తనను నాలుగు తిట్టి ఇళ్ళకు పోతారు, నిజం నిలకడ మీద తేలింది కదా అనుకున్నాడు. తిట్లు తినడానికి సిద్ధంగా ముందుకొచ్చి నిలబడ్డాడు కూడా.

అప్పుడు ప్రనొమ్ తల మీద చెయ్యి పెట్టుకుని, "అయ్యో, ఎంత తప్పు చేశాం!" అంది. "తాత వీధివైపు చూస్తూ కూర్చున్నాడు. మనం ఆయన వైపు చూస్తూ నిలబడ్డాం. మన కుడి ఆయనకి ఎడమ. ఆయన చెప్పింది డెబ్భై మూడే, మనమే తిరగేసి చదివాం!"

నూట యాభై మందీ ఒక్కసారిగా నిట్టూర్చారు.

"గుడ్లు ఏ వైపు నుంచి లెక్కపెట్టినా ముప్పై ఏడే కదమ్మా," అన్నాడు బున్లూ.

ఎవరూ వినలేదు. పైగా టాక్సీ కుర్రాడు అతని వైపు నిష్ఠూరంగా చూశాడు. "నీకు తెలుసు కదా చిన్నాన్నా, మాతో ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? అందుకే నువ్వు ముప్పై ఏడు కొన్లేదు." తాత పరపతి పొద్దున్నకన్నా ఇప్పుడు రెట్టింపైంది. ఒకటో తారీఖుకు అందరూ గూటి వెనకవైపు నిలబడాలని అక్కడికక్కడే తీర్మానించారు. వెనక గోడ అడ్డం ఉందని ఒకాయన అంటే, గోడదేముంది కొట్టేద్దాం అని ఇంకొకాయన అన్నాడు.

నాలుగున్నరకు ఫురిత్ కారు మళ్ళీ వచ్చింది. ఈసారి అతను చాలా వినయంగా దిగాడు. జేబులో చెయ్యి పెట్టుకుని ఉన్నాడు, ఆ జేబులో టికెట్టు ఉంది.

"ఇది కేవలం కాకతాళీయం," అన్నాడు, బున్లూ ఏమీ అడక్కుండానే. "సైన్సులో దీనికి లెక్కలున్నాయి. నేను నమ్మను."

"సరేనండీ."

"వచ్చింది రెండువేల బాట్లే అనుకోండి. కాకతాళీయమే."

"అవునండీ."

ఫురిత్ గొంతు తగ్గించాడు. "ఆ గూడు ఇంటితో పాటే వస్తుంది కదా? తీసుకెళ్ళిపోరు కదా?"

మేడ మీదికి ఎక్కి చూడనైనా చూడలేదు. పడమటెండ గురించి అడగలేదు. కాగితం మీద సంతకం చేసి, బయానా మొత్తం ఇచ్చి, గూటి ముందు నిలబడి, ఎవరూ చూడడం లేదనుకుని చేతులు జోడించాడు. లమూన్ ఆ కవరు అందుకుని రవికలో పెట్టుకుంది. భర్తతో మాత్రం మాట్లాడలేదు. టాక్సీ కుర్రాడు డబ్బులు వద్దంటూనే ఇద్దరినీ తన మోటార్‌సైకిల్‌కు తగిలించిన తొట్టెలో ఎక్కించుకుని, దారంతా వెనక్కి తిరిగి తిరిగి ఏదైనా అంకె చెప్తాడేమోనని బున్లూ ముఖం చూస్తూ, ఆరుకు పది నిమిషాల ముందు కాలవ గట్టు మీద దింపాడు.

థావొన్ బాబాయి రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, గడియారం చూడకుండా నీళ్ళు కూడా తాగడు. వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆయన వాకిట్లో ఉన్న గూటికి కొత్త బంతిపూల దండ వేసి ఉంది. కొవ్వొత్తి వెలుగుతోంది. పళ్ళెంలో అరటిపళ్ళు, ఒక ఎర్ర సోడా.

"బాబాయ్, తెచ్చాం," అంటూ లమూన్ కవరు తీసింది.

"లోపల పెట్టుకో అమ్మా. నేను అమ్మట్లేదు."

"అదేంటి బాబాయ్! ఇంకా ఆరు కాలేదు!"

"గడువు మాట కాదు. మధ్యాహ్నం నుంచీ ఆలోచిస్తున్నాను." ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "అంత మహిమ ఉన్న తాతని వదిలేసి నీ మొగుడు నా ఇంటికి ఎందుకొస్తున్నాడు? పిచ్చాడా? కాదు. లాటరీ కొట్టినవాడు పిచ్చాడెలా అవుతాడు? అంటే వాడికేదో తెలిసింది. నా గూట్లో ఉన్నాయన అంతకన్నా పెద్దాయనై ఉండాలి. నలభై ఏళ్ళు ఆయనకి ఒట్టి నీళ్ళు పోసి ఊరుకున్నాను. ఎంత పాపం చేశాను! ఇక నేను ఈ ఇల్లు వదలను. మీరిచ్చిన పాత డబ్బు ఇదిగో."

బాబాయి లెక్క ఎక్కడా తప్పినట్టు లేదు. బున్లూ వినేకొద్దీ అది సబబుగానే ఉంది, తప్పల్లా మొదట్లోనే ఉంది. పొద్దున్న తమకొక ఇల్లుండేది. ఇప్పుడు ఆ ఇల్లు ఫురిత్‌ది, ఈ ఇల్లు బాబాయిది.

లమూన్ గడప మీద కూలబడింది. అక్కడి నుంచి వంటిల్లు కనిపిస్తుంది, మధ్యలో ఒక్క మెట్టు లేదు. ఆమె అటు చూడకుండా భర్తను చూసింది. పొద్దున్న వంటింట్లో పోట్లాడాక అతనితో అన్న మొదటి మాట అదే.

"ఇప్పుడైనా తియ్యవయ్యా. నేనేం అనను. నాకు చెప్పకుండా దాచావని ఎప్పుడూ ఎత్తను. దాచింది తీసి ఎక్కువ ఇస్తానను, బాబాయి ఒప్పుకుంటాడు. నాకు ఈ ఇల్లు కావాలి."

బున్లూ ఆమె ముందు కూర్చున్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏమీ లేదు లమూన్. నీ కాళ్ళు చూడలేక తాతకి బయానా ఇచ్చాను. అంతే. ఇంకేమీ లేదు."

లమూన్ అతన్ని చూసింది. ఆమె ముఖంలో కోపం మెల్లగా సడలింది. "అయ్యో," అంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "అయ్యో, నిజమే. నువ్వు ఇచ్చే ఉంటావు!" పొద్దుట్నుంచీ గుండె మీద ఉన్న రాయి దిగిపోయింది ఆమెకు. మొగుడు దొంగ కాదు, మొగుడు మొగుడే. ఆ సంతోషంలో ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగుతో ముందు అతని ముఖం, తర్వాత తన ముఖం తుడిచి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"బాబాయ్, నా మాట వినండి. లాటరీ లేదు, ఏమీ లేదు. ఈయన కోరిక తీరకముందే పంది తలకాయ పెట్టాడు."

"అలాంటివాడు ఎక్కడా ఉండడమ్మా."

"ఉన్నాడు, ముప్పై ఏళ్ళుగా వండిపెడుతున్నాను. మా పెళ్ళికి బాజాలవాళ్ళకి నెల ముందే మొత్తం డబ్బిచ్చేశాడు. ఆ రోజు వాళ్ళు వేరే పెళ్ళిలో వాయించారు, గాలి ఇటు వీచినప్పుడు మాకూ వినపడింది. వరదలొస్తాయని ఇసక బస్తాలకి ముందే డబ్బు కట్టాడు. నీళ్ళు వచ్చాయి, వెళ్ళాయి, ఇసక ఎండాకాలంలో వచ్చింది. ఒకసారి మంగలికి ఏడాది క్షవరాలకి ఒకేసారి కట్టాడు. వాడు ఆ నెలలోనే ఊరొదిలిపోయాడు. ఏడాదంతా నేనే కత్తిరించాను. ఫొటో ఉంది, చూస్తారా?"

ఆమె సంచిలోంచి మడతలు పడిన ఫొటో తీసి ఇచ్చింది. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని ఫొటో చూశాడు, బున్లూను చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు.

"ఒరేయ్ బున్లూ. నిజం చెప్పు. నిజంగా ముందే పెట్టావా?"

"పెట్టాను బాబాయ్."

"ఎందుకురా?"

"తాతకి ఉత్సాహం వస్తుందని."

వరండాలో గడియారం ఆరు కొట్టడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా థావొన్ బాబాయి కదల్లేదు. తర్వాత లేచి వెళ్ళి గూటి ముందు కొవ్వొత్తి ఆర్పేశాడు. పళ్ళెంలోంచి ఒక అరటిపండు తీసి, ఒలిచి, తింటూ వచ్చి కూర్చున్నాడు.

"ఇలాంటి మాట అబద్ధమాడేవాడికి తట్టదు," అన్నాడు. "కవరు ఇలా ఇవ్వమ్మా."

పొద్దుట్నుంచీ నూట యాభై మందికి చెప్పిన నిజాన్ని ఒకరు నమ్మినందుకు బున్లూకు ఆనందపడాలో, ఎందుకు నమ్మారో తలచుకుని అవమానపడాలో తెలియలేదు. లోపల లమూన్ పడకగది గుమ్మం నుంచి పొయ్యి దాకా గోడ పట్టుకోకుండా నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. మూడోసారి నడుస్తున్నప్పుడు ఏదో కూనిరాగం తీస్తోంది. అది వింటూ అతను ఆనందపడడానికే నిశ్చయించుకున్నాడు.

పది రోజుల తర్వాత భూముల కార్యాలయంలో రిజిస్ట్రేషన్ అయింది. అన్నీ ముందే ఇచ్చేసేవాడి పేరున ఇల్లు ఉండకూడదని థావొన్ బాబాయి పట్టుబట్టడంతో దస్తావేజు లమూన్ పేరు మీదే రాశారు.